కుడితిలో బెల్లం కవరు

మా వంటింట్లో ఈమధ్య తడిచెత్తకు వేరే బకెట్టు పెట్టాం. నిన్న మూత తీయగానే పులిసిన కుడితి వాసన వచ్చింది. మా పాడిగేదె గుర్తొచ్చింది.

కొత్తపేటలో మా చిన్నప్పుడు బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు అన్నీ గేదె కుడితిలోకే పోయేవి. వంటింట్లో మిగిలిందంతా దాని తిండే అనుకున్నాను. బెల్లం అంటుకున్న ప్లాస్టిక్ కవరు తియ్యగా ఉంటుందని నేనే అందులో వేశాను. గేదె దాన్నీ మింగేసింది. మర్నాడు మేత ముట్టలేదు. కడుపు ఉబ్బిపోయింది.

"నిన్న పక్కింటి సత్యవతి వచ్చి, ఎన్ని పాలిస్తుందండీ అంది. ఆ దిష్టే ఇది," అంది నానమ్మ, ఎండుమిరపకాయలు తిప్పుతూ. "ఏవే, నువ్వూ విన్నావు కదా?"

"ఆయ్," అన్నాను.

కవరు బయటికొస్తుందేమోనని రెండు రోజులు గేదె నోటివైపే చూస్తూ కూర్చున్నాను. డాక్టరుగారు మందు తాగించాక మూడోనాడు అది నెమరేసింది. గుణం మిరపకాయలదే అంది నానమ్మ. దిష్టి మాట చెవినపడ్డ సత్యవతిగారు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

పెద్దయ్యాక, దిష్టి లేదని ఎన్నో సభల్లో వాదించాను. ఆ మాట వినాల్సిన ఒక్క సత్యవతిగారికి మాత్రం చెప్పలేదు.