రెండో గేరు

పంజాగుట్టలో పాత కార్ల ప్రదర్శన రోజున నా అంబాసిడర్ దగ్గరికి వచ్చినవాళ్లు ఏదో ఒకటి తప్పు చెబుతూనే ఉన్నారు. ఒకాయన అది విదేశీ కారన్నాడు. ప్రతి తప్పునూ దిద్దాను. నాకు లెక్క సరిగ్గా ఉండాలి.

మధ్యాహ్నం ఒక ముసలాయన కాలేజీ చదివే మనవరాలితో వచ్చాడు. కిటికీ మీద చెయ్యి వేసి, స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్డును చూశాడు.

"బిడ్డా, గీ బండినే నేను నడిపిన. డెబ్బై ఎనిమిదిల, మా సేటు దగ్గర. రెండో గేరు జర లేపి ఎయ్యాలె, లేకుంటే పడది."

"ఇది ఎనభై రెండు మోడల్, పెద్దాయనా," అన్నాను. "నాలుగేళ్లు తేడా. అప్పటికి తయారే కాని బండిని ఎట్ల నడిపిండ్రు?"

మనవరాలు పకపకా నవ్వింది. "తాతా, మస్తు కోతలు కోస్తున్నవ్!"

ఆయన కిటికీ మీంచి చెయ్యి తీసేశాడు. "అయితే కాదేమో," అని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికి వస్తూ అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగాను. పచ్చలైటు పడ్డాక, ఎప్పటిలాగే రాడ్డును కొంచెం పైకి లేపి రెండో గేరు వేశాను. అప్పుడు తట్టింది. అన్ని అంబాసిడర్లకూ అలా లేపనక్కర్లేదు. ఆ జబ్బు ఈ బండికే ఉంది, నేను కొన్ననాటి నుంచీ. ఎవరికీ చెప్పలేదు కూడా. ఆయన పొరబడింది సంవత్సరం ఒక్కటే.

ఆ పిల్లకు చెబుదామని బండి తిప్పుకుని పంజాగుట్ట వెళ్లాను. అక్కడ కుర్చీలు ఎత్తేస్తున్నారు. ఆయన పేరైనా నేను అడగలేదు.