నేను చదవని రెండు పంక్తులు

ఇరవై మూడేళ్ళ నాలుగు నెలలుగా ఒక మాటను గొంతులోనే ఉంచుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఖమ్మంలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు రాతప్రతిని పైకి చదువుతుంటే, ఇంకొకరు వింటూ అచ్చుకాగితం మీద తప్పులు దిద్దాలి. దుమ్ముగూడెం నుంచి వచ్చిన మార్తకు పదకొండు నెలలు నేర్పాను. నేర్పానంటున్నాను గానీ, ఏడో నెలకే ఆమె నన్ను దాటిపోయింది. అప్పటికే నా కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. అది యజమాని కనిపెట్టాడు. పదహారు పేజీలు మార్తతో దిద్దించి చూస్తాననీ, ఒక్క తప్పూ ఆమె కన్ను దాటిపోకపోతే నా కుర్చీ ఆమెదేననీ అన్నాడు.

ఆ రోజు పైకి చదివింది నేను. కంప్యూటర్ మీద కొట్టినప్పుడు తొమ్మిదో పేజీలో రెండు పంక్తులు పోయాయి. అది నేను ముందే చూశాను. చదివితే మార్త ఇట్టే పట్టుకునేది. చదవలేదు. గొంతు తడబడనైనా లేదు. అంత నిబ్బరం నాకు ఎక్కడి నుంచి వచ్చింది?

సాయంత్రం యజమాని ఆ పేజీ మీద వేలు పెట్టాడు.

"ఏంది మార్తా, రెండు లైన్లు మింగినవ్? పొద్దున టిఫిన్ చెయ్యలేదా?"

మార్త నా వైపు చూసింది. అడుగుతుందనుకున్నాను.

"అక్క సదివే ఉంటది సార్. నాకే ఇనపడలే."

ఆమె నన్ను అనుమానించి, నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఇంత బరువు మోసేదాన్నా? ఏమో. ఇదీ తప్పును ఆమె మీదికి నెట్టడమేనేమో. భర్త లేనిదాన్ని, మరో పని రానిదాన్ని అని అప్పట్లో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మార్తకు మాత్రం ఎవరున్నారు? ఇంతా చేసి, ఆ తర్వాత ఆ కుర్చీలో నేను కూర్చున్నది రెండేళ్ళ ఒక నెల.

ఆ రోజు జరిగిన తొమ్మిదేళ్ళకు మార్త భద్రాచలం బస్టాండులో కనిపించి నా చేతులు పట్టుకుంది. ప్రూఫుల పనే మానేసిందట, వేరే ప్రెస్సువాళ్ళు పిలిచినా పోలేదట.

"దవాఖానల చెవులు చూపిచ్చుకున్న అక్కా. మంచిగనే ఉన్నయన్నరు. గని నాకే నమ్మకం రాలే."

ఆమె బస్సుకు ఇంకా పది నిమిషాలుంది. ఆ పది నిమిషాలూ పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అని అడుగుతూ గడిపాను.

మిమ్మల్ని క్షమాపణ అడగను. అది మీరు ఇవ్వగలిగేది కాదు. ఆమెను అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు. ఆమె చెవుల్లో ఏ లోపమూ లేదు. నేనే చదవలేదు. ఈ ఒక్క మాట రాశాక గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక కూడా నాకే దక్కింది, మార్తకు కాదు.