మూడింటికి మోటారు వేసేలోపు

వీడియో గేముల విషయంలో నాకు కొన్ని మొండి అభిప్రాయాలున్నాయి. మార్చుకునే ఉద్దేశం కూడా లేదు. మొదటిది, ఆడుకుందామని కూర్చున్న మనిషిని కాచుకు కూర్చోబెట్టే యంత్రం అసలు యంత్రమే కాదు. రాజమండ్రిలో ఉద్యోగం చేసేటప్పుడు జీతంలో మిగిల్చుకుని ఒక పెద్ద కన్సోల్ కొన్నాను. ఇంటికి తెచ్చి, తీగలన్నీ తగిలించి ఆత్రంగా కూర్చుంటే అది ముందు పేరడిగింది, తరవాత పాస్‌వర్డ్ అడిగింది, ఆపైన ఏదో అప్‌డేట్ దించుకుంటానని రెండు గంటలు నీలం గీత చూపించింది. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. ఆన్‌లైన్‌లో ఆడాలంటే నెలనెలా చందా కట్టాలట. కట్టాను. కడితే, ముక్కూ మొహం తెలియని కుర్రవెధవ ఎవడో హెడ్‌సెట్‌లోంచి నన్ను తిట్టాడు. భాష తెలియకపోతేనేం, తిట్టు తిట్టేగా, తెలిసిపోతుంది.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది ఇంకొకటుంది. ఆన్‌లైన్ ఆటకి పాజ్ ఉండదు. పొయ్యి మీద పాలు పొంగినా, గుమ్మంలో మనిషి నిలబడి పిలిచినా ఆట ఆగదు. మనం లేచి వెళితే అవతలివాళ్ళు మనల్ని చంపేసి ముందుకు పోతారు.

అలాగని పాతకాలమంతా బంగారమని నేననను. ఆటని మధ్యలో సేవ్ చేసుకునే సదుపాయం కనిపెట్టిన మహానుభావుడెవరోగాని పదికాలాలపాటు చల్లగా ఉండాలి. అది లేక మా అమ్మ పడ్డ అవస్థ నేను కళ్ళారా చూశాను.

తొంభైల చివర సంగతి. మాది పెనుగొండ దగ్గర ఒక పల్లె. నేను ఎనిమిదో తరగతి పూర్తిచేసి తొమ్మిదిలోకి వెళ్ళబోయే వేసవి. రాజమండ్రి మేనత్తగారి అబ్బాయి, అంటే మా బావ, తన టీవీ గేమ్‌ని సెలవులన్నాళ్ళూ ఆడుకోమని ఇచ్చాడు. బడి తెరిచే ముందు ఆదివారం తను రాగానే తిరిగి ఇచ్చేస్తానని నాచేత ఒట్టు వేయించుకుని మరీ ఇచ్చాడు. దాంతోపాటు ఒకే ఒక్క క్యాసెట్. పైన వందల ఆటలని రాసి ఉంది, లోపల ఉన్నవి ఆరు. ఆ ఆరింటిలో అయిదు ఒకటే ఆట, రంగులు మార్చి పెట్టారు దొంగ సచ్చినోళ్ళు. ఆరోదే అసలైనది. తోక ఉన్న బుల్లి వీరుడొకడు నీళ్ళ మధ్య ఉన్న ఏడు దీవులూ దాటుకుంటూ పోవాలి. మేమంతా వాటిని స్టేజీలంటాం. అమ్మ చూసి, "ఇవి లంకలే కదే" అంది. నీళ్ళ మధ్య కాస్త నేల కనబడితే గోదావరి మనిషికి అది లంకే మరి.

మొదట్లో అమ్మ పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటూ చూసేది. ఊరికే చూస్తే బాగానే ఉండేది. "అటు కాదే, ఇటు దూకు. అబ్బ, ఆగవే, ఆ మొసలిని నోరు మూసుకోనీ!" అంటూ ఒకటే సలహాలు. విసుగొచ్చి, "అంత తెలిస్తే నువ్వే ఆడు" అని రిమోట్ ఆవిడ చేతిలో పెట్టాను. అంతే. అది మళ్ళీ నా చేతికి రావడానికి వారం పట్టింది. నేను మూడో లంక దాటలేక చస్తుంటే ఆవిడ అయిదో లంకలో దర్జాగా తిరుగుతోంది. నాకు కుళ్ళుగానే ఉండేది, దాచుకోవడమెందుకు. అమ్మ తొందరపడదు. మొసలి ఎన్నిసార్లు నోరు తెరుస్తుందో, ఎన్నోసారి కాస్త ఆగుతుందో పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుని, అప్పుడు దూకించేది.

పైకి చెప్పుకోవడానికి మాత్రం చచ్చేంత సిగ్గు. "పెళ్ళీడుకొస్తున్న పిల్ల తల్లిని, ఆటలాడుతున్నానంటే నలుగురూ నవ్వరూ?" అనేది. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా రిమోట్ నా ఒళ్ళోకి విసిరేసి చేట అందుకునేది. పైగా వచ్చినవాళ్ళతో, "చూడండి వదినగారూ, మా అమ్మాయికి పొద్దస్తమానం ఇదే పని. కళ్ళు పోతాయే అంటే వినదు" అని ఫిర్యాదు. ఆట ఆవిడది, చీవాట్లు నావి. ఆఖరికి నాన్నగారు కూడా ఆడేది నేనేననుకునేవారు.

అసలు చిక్కంతా నాన్నగారితోనే. ఆయన ఊరి రైసుమిల్లులో డ్రైవరు. అంటే బండి నడపడం కాదు, మోటారు వేసి ధాన్యం మర పట్టించడం. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ఒంటిగంటన్నరకి తిరిగి వెళ్ళి, బెల్టులూ జల్లెడలూ చూసుకుని సరిగ్గా మూడింటికి మోటారు వేసేవారు. ఆ చప్పుడు విని ఊళ్ళోవాళ్ళు గడియారాలు సరిచేసుకునేవారు. మిల్లుకీ మా వీధికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. పెద్ద మోటారు లేచేటప్పుడు వీధంతా ఒక్క క్షణం కరెంటు సన్నబడేది. బల్బు ఎర్రబడేది, ఫ్యాను నీరసపడేది, అంతలో మళ్ళీ మామూలే. టీవీ గేమ్‌కి ఆ క్షణం చాలు. తెర నల్లబడి, ఆట మళ్ళీ మొదటి లంక నుంచి. గంటన్నర కష్టం గోదాట్లో కలిసేది.

ఉదయం వంట, సాయంత్రం ఇంటినిండా జనం. అమ్మకి దొరికేది ఆ గంటన్నరే. రోజూ ఆరో లంకలోనే మూడయ్యేది. "మీ నాన్నగారి టైము మండిపోనూ!" అని నుదురు కొట్టుకునేది. తరవాత నా వైపు తిరిగి, "అసలు చివర ఏముంటుందే?" అని అడిగేది. నాకేం తెలుసు? మూడో లంకదాన్ని.

సెలవుల్లో ఆఖరి శనివారం వచ్చింది. మర్నాడు బావ వస్తాడు. ఆ మధ్యాహ్నం అమ్మ మొట్టమొదటిసారి ఏడో లంకలో అడుగుపెట్టింది. గోడ గడియారంలో మూడుకి పది తక్కువ. బుల్లి వీరుడికి రెండు ప్రాణాలు మిగిలాయి. అమ్మ గడియారం వంక ఒకసారి చూసి, పమిటతో మొహం తుడుచుకుని, "ఇక మన వల్ల కాదులే" అంది. ఆ మాట అంత మామూలుగా అనేసరికి నాకు ఏడుపొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా మిల్లుకి పరిగెత్తాను.

వేసవని నీళ్ళు ఆపి కాలవలు కట్టేసిన రోజులు. వంతెన దాకా పోకుండా అడ్డంగా కాలవలోకి దిగిపోయాను. మోకాళ్ళ దాకా బురదతో మిల్లులో పడేసరికి నాన్నగారి చెయ్యి స్టార్టరు మీద ఉంది.

"ఆగండి నాన్నగారూ! పది నిమిషాలు వెయ్యకండి!"

ఆయన మొహం పాలిపోయింది. "ఏంటమ్మా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదండి. ఆట ఆఖరి లంకలో ఉందండి."

"నీ ఆట కోసం మిల్లు ఆపాలా? బుద్ధుందా లేదా నీకు?"

"నాది కాదండి. అమ్మ ఆడుతోంది."

బస్తాల మీద కూర్చున్న హమాలీలు గొల్లున నవ్వారు. అమ్మ పరువు నట్టింట్లోంచి తెచ్చి బజార్లో పెట్టానని అప్పుడర్థమైంది నాకు. నాన్నగారు నవ్వలేదు. "మీ అమ్మా?" అన్నారు.

"సెలవులు మొదలైనప్పట్నుంచీ అమ్మేనండి. రోజూ మీరు మోటారు వేస్తే పోతోందండి."

ఆయన స్టార్టరు మీంచి చెయ్యి తీసేశారు. పొద్దుటి నుంచి ధాన్యంతో కాచుకున్న రైతు వైపు తిరిగి, "బెల్టు చూసుకోవాలండి, కాస్త ఆలస్యమవుతుంది" అన్నారు.

"ఇందాకే చూశారు కదండీ డ్రైవరుగారూ?"

"మళ్ళీ చూడాలండి" అని, పంచె ఎగ్గట్టి నా వెంట కాలవలోకి దిగారు.

మేం గుమ్మంలోకి వచ్చేసరికి మూడు దాటింది. అమ్మకి ఆ ధ్యాసే లేదు. తెర మీద అతి పెద్ద మొసలి, ఆవిడ పెదవుల మీద లెక్క. అంతలో నాన్నగారి నీడ పడింది. అమ్మ అదిరిపడి, అలవాటు కొద్దీ, రిమోట్ నేనుండే వైపు విసిరేసింది. అక్కడ నేను లేను. అది ఠంగుమని నేల మీద పడింది. వీరుడు మొసలి నోట్లో పడ్డాడు. ఒక్క ప్రాణం మిగిలింది.

"అమ్మాయి ఆడుతోందండీ" అంది అమ్మ, చేట కోసం తడుముకుంటూ.

"అమ్మాయి నా పక్కనే ఉంది" అన్నారు నాన్నగారు.

అమ్మ తల వంచుకుంది. నాన్నగారు వంగి, నేల మీద రిమోట్ తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "కానియ్యి. మొసలి వచ్చేస్తోంది."

"మిల్లండీ..."

"మిల్లు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు దాని సంగతి చూడు."

అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. నేనూ ఆవిడతోపాటు లెక్కపెట్టాను. నాన్నగారైతే ఏమీ అర్థం కాకుండానే "ఆఁ, ఆఁ, దూకు!" అంటున్నారు. అమ్మ దూకించలేదు. ఇంకా రెండుసార్లు లెక్కపెట్టి, అప్పుడు దూకించింది.

చివర పెద్దగా ఏమీ లేదు. నాలుగు టపాకాయలు పేలాయి. గెలిచినవాళ్ళ పేరు రాయమని గళ్ళు కనిపించాయి. నేను అలవాటుగా చెయ్యి చాపాను. అమ్మ రిమోట్ ఇవ్వలేదు.

"నేను కదే గెలిచింది" అంది.

ఒక్కో ఇంగ్లీషు అక్షరమే వెతుక్కుంటూ తన పేరు తనే పెట్టుకుంది. నాన్నగారు కూడబలుక్కుంటూ దాన్ని పైకి చదివారు. కరెంటు కదిలితే ఆ పేరు పోతుందని నేను చెప్పాను.

"రైతులు కూర్చుని ఉంటారేమోనండీ" అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

"కూర్చోనీ" అని నాన్నగారు పీట లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నారు.

ఆ రోజు మా ఊళ్ళో మోటారు నాలుగింటికి మోగింది.