సుంఫోనీయ దగ్గర ఆగే మాస్టారు

మా మాస్టారు పోయారు. విజయనగరంలో బస్సు దిగుతుంటే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఏడుస్తూనే ఒక పని అప్పజెప్పింది: "కళింగపట్నం మావయ్యకి నువ్వే సెప్పన్నా. నాకు నోరు రావట్లేదు."

గజపతినగరం దగ్గర మా ఊరి బడిలో ఆయన తెలుగు చెప్పేవారు. ఆదివారాలు ప్రార్థన మందిరంలో బైబిలు వాక్యం చదివేవారు. బబులోను రాజు ప్రతిమకు మొక్కమనే ఘట్టంలో వాయిద్యాల పేర్లు వరసగా వస్తాయి. అందులో సుంఫోనీయ అనే మాట దగ్గర ఆయన ఆగేవారు. ఒక్క ఊపిరి సేపు. పిల్లలం నవ్వుకునేవాళ్లం.

"ఏటి మాస్టారూ, ఆగిపోనారు?" అని ఒకసారి అడిగాను.

"అదెలా పలుకుతాదో నాకు తెలీదురా. తెలీనిదాన్ని తెలిసినట్టు సదివీకూడదు."

విలేకరి ఉద్యోగంలో నాకు ఇంతకంటే పనికొచ్చిన మాట లేదు.

పోయిన చలికాలం ఒక బైబిలు పండితుణ్ణి ఆ మాట గురించి అడిగాను. గ్రీకు నుంచి అరామిక్‌లోకి అరువొచ్చిందన్నాడు. ఏ వాయిద్యమో తేలలేదట. తోలుసంచిలో గాలి నింపి వాయించేది కావచ్చని కొందరంటారట. అదే మాస్టారికి చెప్పాను. ఆయన టీ తాగడం ఆపారు.

"అయితే మన తిత్తిలాటిదేనేటిరా?"

అప్పుడు చెప్పారు. ఆయన బావమరిది జాతరల్లో కథలు చెప్పేవాళ్ల వెనక తిత్తి ఊది శ్రుతి పట్టేవాడు. వయసులో ఉన్నప్పుడు, ఒక ఆదివారం దాన్ని చంకన పెట్టుకుని మందిరానికొచ్చాడు, పాటలకి శ్రుతి పడతానని. జాతరలో ఊదింది ఇక్కడికి తేవద్దని గుమ్మంలో మాస్టారే అడ్డుపడ్డారు. అతను మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

బస్సులు మారి మాస్టారూ నేనూ కళింగపట్నంలో ఆ బావమరిది దగ్గరికి వెళ్లాం. ముసలాయన ఇంటిముందు ఎండుచేపలు తిరగేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఏటి బావా, ఇన్నాళ్లకి సెవులొచ్చేయా?"

"వచ్చేయి. తప్పు నాదే. ఒక్కపాలి మందిరంలో వాయించు."

"పాత తోలు ఎలకలు కొట్టీసేయి. కొత్తది పదును సెయ్యాల. వస్తాన్లే. గుమ్మంలో నువ్వే నిల్సోవాలి మరి."

"నిల్సుంటాను."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మాస్టారు మొదటి గంట మోగగానే వచ్చి గుమ్మంలో నిలబడేవారు. మోకాళ్ల నొప్పులని కుర్చీ వేస్తే కూర్చోలేదు. కళింగపట్నం నుంచి కబుర్లొచ్చేవి: మొదటి తోలు చీలింది, రెండోది గాలి నిలపట్లేదు. మూడో తోలు ఆరుతుండగా మాస్టారు పోయారు. ఆ కబురు కళింగపట్నానికి నేనే చెప్పాను.

జ్ఞాపకార్థ కూడికకి బావమరిది వచ్చాడు, చంకలో తిత్తితో. గుమ్మం ముందు ఆగిపోయాడు. మాస్టారి కూతురు వెళ్లి తండ్రి నిలబడే చోట నిలబడింది.

"రా మావయ్యా."

తర్వాత ఆమే ఆ ఘట్టం చదివింది. సుంఫోనీయ దగ్గర అలవాటుగా ఆగింది. ఆ ఖాళీలో తిత్తి పలికింది, ఒకటే స్వరం. ముసలాయనకి దమ్ము చాల్లేదు. గొట్టం నోట్లోంచి తీసేసి, తలొంచుకున్నాడు. చంకలో తిత్తి మాత్రం, ఉన్న గాలి అయిపోయేదాకా పలుకుతూనే ఉంది.