బావ మెడ మీద బానెట్

మా బావ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆయన్ని పొగడటానికి ఇది రాయడం లేదని ముందే చెబుతున్నాను. మంచితనం ముదిరితే మనిషి ఎంత మొండిగా, ఎంత మూర్ఖంగా తయారవుతాడో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, అందుకు రాస్తున్నాను.

బావ ఇంజన్ మెకానిక్. అదే షెడ్డులో నాది బాడీ పని. సొట్టలు తీయడం, తుప్పు పట్టిన చోట రేకు వెల్డింగ్ చేయడం, పుట్టీ పట్టించి రంగు కొట్టడం. అక్కను చేసుకున్న ఏడాదే నన్నూ పనిలోకి లాగాడు. "పెళ్ళాంతో పాటు వీణ్ణి కూడా అంటగట్టారండీ" అని వచ్చిన ప్రతివాడితోనూ ఇరవై ఏళ్ళుగా అదే జోకు. నవ్వేవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ఆయన చేతి గురించి మాత్రం జోకుల్లేవు. ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి ఏ సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదో చెప్పేస్తాడు. కన్ను పోని సందులోకి చెయ్యి పోనిచ్చి, నట్టును తడిమి, వేళ్ళతోనే మరలో కూర్చోబెడతాడు. మిగతా మెకానిక్కులు సగం ఇంజన్ విప్పి చేసే పని ఆయన కళ్ళు మూసుకుని చేస్తాడు. ఆ కుడిచేతి వేళ్ళే మా షెడ్డు. బోర్డు లేకపోయినా బళ్ళు వెతుక్కుంటూ వచ్చేది వాటి కోసమే.

అంతటి పనివాడికి ఒక పాడు అలవాటు. బానెట్ ఎత్తాక దానికి ఊతకడ్డీ పెట్టడు. "చేతికి అడ్డమొస్తుందిరా" అంటాడు. తల వంచి, బానెట్ అంచును మెడ వెనక ఆనించుకుని, రెండు చేతులూ ఇంజన్లో పెట్టి పని చేసుకుంటాడు. చిన్న కార్లకు అది చెల్లిపోయింది. ఐసు బండికి చెల్లలేదు.

ఐసు బండంటే చేపల రేవుకు ఐసు గడ్డలు తిప్పే ఒక పాత పికప్. దాని ఓనర్ని అందరం ఐసాయన అంటాం. బానెట్ తలుపంత ఉంటుంది. ఉప్పునీళ్ళు తగిలి తగిలి ఏడాది తిరిగేసరికి తుప్పు తినేసేది, నేను బాగుచేసి రంగు కొడితే అద్దంలా మెరిసేది. కానీ బరువు! దాన్ని పట్టి ఉంచే స్ప్రింగులు రెండుసార్లు విరిగాయి. కడ్డీ వంగిపోతే బావే పీకి అవతల పారేశాడు. "పాతకాలం ఇనుమండీ, ఇప్పటి బళ్ళలా అట్టముక్కలు కాదు" అని ఐసాయన గొప్పలు పోయేవాడు. మేమూ అవునవునని తలూపేవాళ్ళం. ఆ బండి వారంలో రెండుసార్లు వచ్చేది. వచ్చినప్పుడల్లా గంటసేపు అది బావ మెడ మీదే.

ఒకరోజు పొద్దున బావ చేతిలోంచి వాషర్ జారి కిందపడింది. తీయబోయాడు, అందలేదు. మళ్ళీ తీయబోయాడు. వేళ్ళు దాని పక్కనే నేలను గోకుతున్నాయి గానీ, దొరికిందో లేదో వాటికి తెలియడం లేదు. నేను పక్కనే ఉన్నాను.

"ఏమైంది బావా?"

"ఏం లేదు, తిమ్మిరి."

"ఎప్పటి నుంచి?"

ఆయన కుడిచెయ్యి లాగి పట్టుకున్నాను. బొటనవేలు మీద స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చాను. ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. గుచ్చింది తెలియనేలేదు. చూపుడువేలూ అంతే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలోది విసిరికొట్టి, స్కూటర్ మీద కూర్చోబెట్టి, డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

"మెడలో నరం నొక్కుకుపోయింది. బరువులు మోస్తారా?" అని డాక్టరు అడిగాడు.

"బానెట్లు మోస్తాడండీ" అన్నాను.

డాక్టరు నవ్వలేదు. ఇక మెడ మీద పూచికపుల్ల కూడా పెట్టడానికి వీల్లేదన్నాడు. వేళ్ళకు స్పర్శ తిరిగొస్తుందా అంటే, ఆరు నెలలు ఆగితే గానీ చెప్పలేనన్నాడు. బయటికొచ్చాక బావ నోరు తెరిచి అన్న మొదటి మాట, "మీ అక్కకు చెప్పకు." ఒళ్ళు మండిపోయినా ఒట్టేశాను.

మర్నాడు బావను ఇంట్లోనే ఉండమని, నేను షెడ్డు తెరిచానో లేదో ఐసు బండి వచ్చి ఆగింది. ఐసాయన దిగకముందే అందుకున్నాను.

"నీ బండి మా బావ చెయ్యి తినేసిందయ్యా! ఈ ఇనుప తలుపు ఊడబీకి వేరేది వేస్తావా, లేక ఈ గడప తొక్కకుండా పోతావా?"

పాపం, ఆ మనిషి వెంటనే దిగి చొక్కా చేతులు మడిచాడు. ఇద్దరం పట్టి బానెట్ దించాం. దాన్ని వెనక వేసుకుని, తేలికైనది దొరుకుతుందేమోనని పాత ఇనుము కొట్టుకు వెళ్ళాం. అక్కడ సరిగ్గా అదే రకం పికప్ బానెట్ ఒకటి గోడకు ఆనించి ఉంది. కొట్టు ముసలాయన దాన్ని కాటా మీద పెట్టాడు. ఇరవై ఆరు కిలోలు.

"ఇదేమంత బరువయ్యా?" అన్నాడు. "ఏదీ, మీది పెట్టండి."

నలభై మూడు.

"కాటా చెడింది" అన్నాను. ముసలాయన మళ్ళీ మొదటిది పెట్టాడు, ఇరవై ఆరు. మళ్ళీ మాది, నలభై మూడు. తర్వాత ఉలి తెచ్చి మా బానెట్ అంచు మీద ఒక్క దెబ్బ వేశాడు. వేలి మందాన పెచ్చు లేచింది. పైన నా రంగు. దాని కింద పుట్టీ. దాని కింద రేకు. ఆ రేకు కింద మళ్ళీ రంగు, మళ్ళీ పుట్టీ, మళ్ళీ రేకు. పొరలు పొరలుగా నా పనే, ఏడాదికొకటి.

తుప్పు పట్టిన ముక్కను కోసి తీసేసి కొత్తది అతకాలంటే రెండు రోజుల పని. పైన రేకు పరిచి పుట్టీ మెత్తితే ఒక పూటలో అయిపోతుంది. మెరుపు అదే మెరుపు. ప్రతి ఏడాదీ నేను ఒక పూట పనే చేశాను. బరువు సంగతి ఒక్కసారి ఆలోచించిన పాపాన పోలేదు.

"ఎవడయ్యా ఈ పని చేసిన మహానుభావుడు?" అన్నాడు ముసలాయన.

ఐసాయన నా వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాడు. "నేనే" అన్నాను.

అక్కడి నుంచి తిన్నగా బావ ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం. ఆయన స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అక్క బట్టలు మడతపెడుతోంది. గుమ్మంలోంచే అరిచాను.

"ఆ బరువు నాదని నీకు తెలుసా బావా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు రెండో రేకు వేసినప్పటి నుంచి. ఎత్తగానే తెలిసిపోయింది."

"మరి చెప్పవేం?"

"రంగు ఆరాక నువ్వు నాలుగు వైపుల నుంచీ చూసుకుని మురిసిపోతావు కదరా" అన్నాడు. "ఐసాయనకి తెలిస్తే నిన్ను నలుగురిలో నిలబెట్టి అడుగుతాడు. ఎలా చెప్పమంటావు?"

"తిట్టి చెప్పాలి! చెంప పగలగొట్టి చెప్పాలి! నీ వేళ్ళ కంటే నా పేరు ఎక్కువా?" గొంతు పగిలేలా అరుస్తున్నాను. "నన్ను ఇంకా పసిపిల్లాడి కింద లెక్కేశావా? నీ జాలి ఎవడికి కావాలి? అక్కా, ఈయన రెండు వేళ్ళూ..." అనేశాను. ఒట్టు గట్టున పెట్టాను.

"తెలుసులేరా" అంది అక్క. "నువ్వు నా దగ్గర దాచావు, నేను నీ దగ్గర దాచాను. ఈయనేమో ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు."

చొక్కా దులిపి ఆయనకు తొడిగింది. ఆయన చేతులు కిందికి వదిలేసి, గడ్డం కొంచెం పైకెత్తి కూర్చున్నాడు. అక్క మెడ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ వచ్చింది. ఇద్దరికీ బాగా అలవాటైన పని. ఎన్ని నెలల అలవాటో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇన్నాళ్ళూ నేను వచ్చేలోపు అది అయిపోయేది. ఆ రోజు వాళ్ళు నన్ను చూసి ఆగలేదు.