సార్ ఓడిపోయిన వాదం

ఎండాకాలంలో గండికోట జలాశయం నీళ్లు తగ్గితే ఒడ్డున తేలిన బురద నుంచి ఒక వాసన వస్తుంది. కుళ్లిన తుమ్మకొమ్మలూ నానిన పాతసున్నమూ కలిసిన వాసన. మొన్న ఆ పక్కగా పోయే బస్సులో నా పక్కసీటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏం కంపు తల్లీ, ఆ అద్దం మూయి" అంది. నాకు మూయబుద్ధి కాలేదు. ఆ నీళ్ల కింద ఎక్కడో మా ఓబులరెడ్డి సార్ ఊరుంది.

జమ్మలమడుగులో మేం డిగ్రీ చదివేటప్పుడు సార్ తత్వశాస్త్రం చెప్పేవారు. ఆ సబ్జెక్టుకు వచ్చేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిమి, అదీ వేరే గ్రూపులో సీటు దొరకక. ఆయనది సేద్యం ఇల్లు. పొద్దున చేనికి నీళ్లు కట్టి, చెప్పులకు నల్లరేగడి అంటుకుని ఉండగానే వచ్చి గ్రీకుల గురించి మొదలుపెట్టేవారు. కాలం సంగతిలో అక్కడ పూర్వం ఇద్దరు పెద్దలు ఎడమొగం పెడమొగంగా మాట్లాడారట. సమస్తమూ ఏరులా పారిపోతూనే ఉంటుంది, ఒకే ఏటిలో రెండుసార్లు దిగలేం అన్నాడు ఒకాయన. ఉన్నది ఎన్నటికీ లేకుండా పోదు, పుట్టడం, పోవడం మన కళ్లు చేసే మోసం అన్నాడు రెండో ఆయన.

"రెండుసార్లు కాదప్పా, మన పెన్నలో ఒక్కసారి దిగేదానికే నీళ్లు ల్యావు" అని నవ్వించి, సార్ అక్కడి నుంచి వాదం పెట్టేవారు. ఏటి పక్షం ఎప్పుడూ ఆయనదే. రెండోది మాకు. "ఉన్నది పోదంటాండావు గదా పాపా, నిన్న నువ్వు తిన్న సంగటి యాడుందో సూపీ" అనేవారు. చదువు అయిపోయేలోగా ఒక్కనాడూ మేం గెలవలేదు. మొహం వేలాడేసుకుంటే, "నేను చెప్పినానని ఒప్పుకుంటావేంది? తిరగబడు" అని గద్దించేవారు. ఆడపిల్లను తిరగబడమన్న పెద్దమనిషిని అంతకుముందు నేను చూసి ఎరగను. ఈరోజు పులివెందుల కాలేజీలో నలుగురి ముందు నిలబడి పాఠం చెబుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

సార్ దంపతులకు పిల్లలు లేరు. భార్య నారాయణమ్మగారు జబ్బు చేసి పోతే సొంత చేనిలోనే సమాధి కట్టించారు. కొన్నేళ్లకు, జలాశయం నింపుతున్నాం, ఊరు ఖాళీ చేయండన్నారు అధికారులు. సామాన్లు సర్దడానికి సాయంగా నేనూ వెళ్లాను. ఊళ్లో జనం తమ పెద్దల సమాధుల దగ్గర ఏడ్చి, పిడికెడు మట్టి గుడ్డలో మూటగట్టుకుంటున్నారు. కొత్తచోట గుంత తీసి ఆ మట్టి పోస్తే, దీపం పెట్టుకోవడానికి ఒక తావుంటుంది. సార్ అక్క కొడుకు వెంకటేసు గడ్డపార తెచ్చి, "రా మామా, అత్తకాడ మట్టి తీసకపోదాం" అన్నాడు.

"మట్టి ఏం జేసుకోనురా? ఏటేటా వాన కడిగె, పురుగులు తిరగేసె. అప్పటి మట్టి కాదది. మీ అత్త ఆడ ల్యాదు" అన్నారు సార్.

"అంత సదువు మాకొద్దులే మామా. మట్టే గదా, తెచ్చుకుంటే నీ సొమ్మేం పోతాది?" అని వెంకటేసు బతిమాలాడు. సార్ కదల్లేదు. జీవితమంతా పిల్లలకు చెప్పిన మాటను పిడికెడు మట్టి కోసం కాదనలేకపోయారు. ఆ పట్టుదల చూసి నేను లోలోపల మురిసిపోయాను కూడా.

ఆ వానాకాలమే నీళ్లు ఎక్కాయి. నారాయణమ్మగారి తిథినాడు నన్ను వెంటబెట్టుకుని సార్ ఒడ్డుకు వెళ్లారు. చేనేదో, వంకేదో ఆనవాలు లేదు. కంటికి ఆనినంత దూరం ఒకటే నీళ్లు. చేతిలో టెంకాయ పట్టుకుని ఆయన అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తిరిగారు. "ఏ పక్కకు తిరిగి కొట్టాల పాపా?" అని అడిగారు. నాకేం తెలుసు? ఆ టెంకాయ కొట్టకుండానే తిరిగి వచ్చాం.

తర్వాత ప్రొద్దుటూరులో అద్దె ఇంట్లో ఉన్నారు. మనిషి చిక్కిపోయారు. చివరిసారి చూడబోయినప్పుడు మంచం మీద లేచి కూర్చుని, "వాదం పెట్టుకుందాం. ఆ రెండో ఆయన పక్షం మాట్లాడు. గట్టిగా మాట్లాడాల" అన్నారు. గొంతులో వేడుకోలు ఉంది.

"అమ్మగారు మీతో బతికింది నిజమే కదా సార్?" అన్నాను.

"నిజమే. పాయ గదా?"

"పోనీండి. ఆమె బతకనేలేదన్నట్టు చేయడం ఎవరి చేతనైనా అవుతుందా? ఎన్ని నీళ్లు నింపినా అవుతుందా? జరిగింది జరిగినట్టే ఉంది సార్. ఉన్నది పోదు."

నిన్నటి సంగటి యాడుందని అడుగుతారనుకున్నాను. అడగలేదు. "ఇంగోసారి చెప్పు" అన్నారు. చెప్పాను. తువ్వాలు మొహానికి అదుముకుని, "ఓడిపోయినా పాపా" అన్నారు. మళ్లీ వానలు పడకముందే సార్ పోయారు.

ఆ రోజు నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్కా నేను నమ్మలేదు. అది ఆయనకు తెలియదనుకోను, అబద్ధం వాదించేవాళ్ల కళ్లు ఆయన ఎన్ని చూడలేదు! ఇప్పుడు నాకు నమ్మాలని ఉంది. సార్ ఎక్కడో ఉన్నట్టే ఉన్నారని ఎవరైనా గట్టిగా వాదించి నన్ను ఓడిస్తే బాగుండు. ఒక్కదాన్నే రెండు పక్షాలూ మాట్లాడుకుంటాను. ప్రతిసారీ ఏటి పక్షాన నిలబడ్డ నేనే గెలుస్తాను.