ఆర్పిన పొయ్యి, ఆగని గ్యాసు

పోయిన నెల మా హన్మకొండ ఇంటికి కొత్తగా గ్యాసు పొయ్యి వచ్చింది. ఎనిమిది నెలల మనవడిని చూడటానికి నర్సంపేట నుంచి మా అత్తమ్మ కూడా వచ్చారు. ఆమెకు కట్టెల పొయ్యి తప్ప ఇంకొకటి తెలియదు.

ఆ రోజు పొయ్యి మీద పాలు పెట్టి, "పొంగంగనే బంద్ చెయ్యండి అత్తమ్మా" అని చెప్పి బట్టలు ఆరేయడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మంట లేదు. పొయ్యి తడిగా ఉంటే తుడిచారనుకున్నాను. బాబు వంటింట్లోనే పాకుతూ గరిటెతో ఆడుకుంటున్నాడు.

"బంద్ చేసిండ్లా?"

"ఎప్పుడో ఆర్పిన బిడ్డా."

జలుబుతో నా ముక్కు పనిచేయడం లేదు. చాయ్ పెడదామని అగ్గిపుల్ల తీసి గీయబోయాను.

"జర ఆగు! ఎలుకేమన్న సచ్చిందా? ఏందా కంపు?" అన్నారు అత్తమ్మ.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఎట్ల ఆర్పిండ్లు?"

"ఎట్ల ఆర్పుతరు? చెంబెడు నీళ్లు పోసిన!"

పుల్ల పారేశాను. బటన్ తిప్పి, సిలిండర్ కట్టేసి, కిటికీలు బార్లా తెరిచి, బాబును చంకనేసుకుని వాకిట్లోకి ఒకటే పరుగు! సంగతి చెప్పగానే అత్తమ్మ మనవడి ఒళ్లంతా తడుముకుని ఏడ్చేశారు. కాస్త తేరుకున్నాక, "నీళ్లు పోసినా సావని పొయ్యిని తెచ్చిండు నా కొడుకు!" అని తిట్టారు. ఏడుస్తూనే ఇద్దరం నవ్వేశాం.

ఇది రాస్తుంటే పక్క గదిలోంచి అడుగుతున్నారు: "బిడ్డా, పొయ్యి ఆర్పినవా, బంద్ చేసినవా?"

బంద్ చేశాను. అయినా ఒక్కసారి లేచి చూసొస్తాను.